నార్మన్ కుర్చీ మీద ముళ్ళకాయ

ఇంగ్లండులో ఎవరూ ఎవరినీ "అక్కడ కూర్చోవద్దు" అనరు. అనడానికి వాళ్ళకి నోరు రాదు. పాత భవంతుల్లో ఎవరూ కూర్చోకూడని కుర్చీ ఉంటే దాని మీద ఎండిన ముళ్ళకాయ ఒకటి పెట్టి ఊరుకుంటారు. కోడిగుడ్డంత కాయ, ఒళ్ళంతా కొక్కేల్లాంటి సన్నటి ముళ్ళు. వచ్చినవాడు దాన్ని చూసి, తన పిరుదుల క్షేమం తానే ఆలోచించుకుని, నిలబడే ఉంటాడు. తిట్టలేదు, కసరలేదు, పని మాత్రం అయిపోయింది. ఈ దేశం సగం ప్రపంచాన్ని ఏలిందంటే నాకు ఆశ్చర్యం లేదు గాని, ఆ ఏలుబడేదో తుపాకులు మానేసి ముళ్ళకాయలతో చేసి ఉంటే అందరికీ బాగుండేది కదా అని అప్పుడప్పుడూ అనిపిస్తుంది.

మేవిస్ హెబ్డెన్ పదిహేడేళ్ళ పాటు ఆ ముళ్ళకాయల పక్షానే ఉంది.

యార్క్‌షైర్ కొండల్లో, గొర్రెలు ఎక్కువ మనుషులు తక్కువ ఉన్నచోట, స్కార్‌ఫర్త్ హాల్ అనే నలభై రెండు గదుల భవంతి ఉంది. బడిలో ముప్ఫై ఏళ్ళు పిల్లలకి వండి వడ్డించి రిటైరైన మేవిస్, గురువారాలూ ఆదివారాలూ అక్కడ 'రాజుగారి పడకగది'కి కాపలా ఉండేది. జీతం లేదు. మెడలో పేరున్న బిళ్ళ, పదకొండింటికి టీ, టీతో రెండు బిస్కెట్లు. మూడోది తీసుకుంటే ఎవరూ ఏమీ అనరు, కాని అందరూ చూస్తారు.

యుద్ధంలో ఓడి పారిపోతున్న ఒక రాజు ఆ గదిలో మంచం మీద ఒక్క రాత్రి పడుకున్నాడని చెబుతారు. పాత మంచం ఉన్న ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక రాజు పడుకునే ఉంటాడిక్కడ. అన్నిచోట్లా నిజంగా పడుకుని ఉంటే ఇక యుద్ధం చెయ్యడానికి ఆయనకి తీరికెక్కడిది? అందుకే ఓడిపోయాడేమో. "నిజంగానే పడుకున్నాడా అండీ?" అని ఎవరైనా అడిగితే, మేవిస్ "పొద్దున్నే దుప్పటి మార్చింది నేను కాదు నాయనా, ఎలా చెప్పను?" అనేది. అలా అడిగేవాళ్ళు రోజుకి ఇద్దరుంటే, మరుగుదొడ్డి ఎక్కడని అడిగేవాళ్ళు నలభై మంది.

ఇక కుర్చీ సంగతి. అది మేవిస్ భర్త నార్మన్‌ది. నార్మన్ ముప్ఫై ఒక్క ఏళ్ళు పాలు పోశాడు. తెల్లవారకముందే బండి తీసి, ఊరంతా గుమ్మాల ముందు సీసాలు పెట్టి, తొమ్మిదింటికి ఇంటికొచ్చి వంటింట్లో ఆ కుర్చీలో కూలబడేవాడు. చేతులున్న చెక్క కుర్చీ, వీపుకి పుల్లల వరస. చర్చి వాళ్ళ పాత సామాన్ల అమ్మకంలో కొన్నది. ముందు కాళ్ళ మధ్య అడ్డకర్ర మీద బూటు మడమలు ఆనించి, చేతిలో టీ కప్పు పట్టుకునే నిద్రపోయేవాడు. ఒక్కనాడూ ఒక్క చుక్క ఒలకలేదు. మడమలు ఆనీ ఆనీ ఆ కర్ర ఒకచోట గుంట పడింది.

నాలుగేళ్ళ కిందట ఫిబ్రవరిలో నార్మన్ పోయాడు. ఆ తర్వాత మేవిస్‌కి ఆ కుర్చీతో పడలేదు. అన్నం పళ్ళెం పెట్టుకుని బల్ల ముందు కూర్చుంటే ఎదురుగా అది ఖాళీగా తననే చూస్తున్నట్టుండేది. మూడు వారాలు సింకు దగ్గర నిలబడి తింది. ఇక లాభం లేదని దాన్ని స్కార్‌ఫర్త్ హాలుకి తీసుకుపోయింది. అప్పటి మేనేజరు "మీ మోకాళ్ళకి ఏది సుఖంగా ఉంటే అది తెచ్చుకోండమ్మా, చూడటానికి పాతగా ఉంటే చాలు" అన్నాడు. ఆయన తర్వాత ఉద్యోగం మానేసి స్పెయిన్ వెళ్ళి టమాటాలు పండించుకుంటున్నాడు. హాల్లో ఆ కుర్చీ మేవిస్‌ని ఏడిపించలేదు. అందులో తనే కూర్చునేది కాబట్టి అది ఖాళీగా ఉండేది కాదు, అంతే.

కిందటి శీతాకాలం హాలు మూసేసిన నెలల్లో మేవిస్‌కి పెద్ద జ్వరం వచ్చింది. పది రోజులు మంచం మీద ఒంటరిగా పడుకుని ఒక నిర్ణయానికొచ్చింది. నార్మన్ కుర్చీ ఇంటికి తెచ్చుకోవాలి. ఇప్పుడు దాని ముందు కూర్చుని తినగలననిపించింది. అనిపించడమే కాదు, కావాలనిపించింది. నార్మన్ వస్తువని చెప్పుకోవడానికి ఇంట్లో ఇంకేం మిగిలింది గనక.

మార్చిలో హాలు తెరిచిన రోజు గదిలోకి అడుగు పెట్టేసరికి కుర్చీ తన చోటే ఉంది. దాని మీద ముళ్ళకాయ ఉంది. కుర్చీ చేతికి దారంతో కట్టిన చీటీ ఉంది: "1187. సేవకుల కుర్చీ. బహుశా పదిహేడో శతాబ్దం."

మేవిస్ తిన్నగా కింద ఆఫీసుకి వెళ్ళింది. కొత్త మేనేజరు జైల్స్ ఫెన్‌షా ముప్ఫై నాలుగేళ్ళవాడు. ఎంత మెత్తగా మాట్లాడతాడంటే, అతను కాదన్నాడని ఇంటికెళ్ళాక గాని తెలియదు.

"నాయనా, పైన నా కుర్చీ మీద ఎవరో ముళ్ళకాయ పెట్టారు."

"మేవిస్ గారూ, రండి రండి. ఆ కుర్చీ గురించేనా? శీతాకాలం లెక్కల్లో బయటపడిన గొప్ప వస్తువండీ అది. అంతకుముందు జాబితాలో లేనే లేదు, చూడండి!"

"జాబితాలో ఎలా ఉంటుంది? అది మా వంటింటిది. నేనే తెచ్చా."

జైల్స్ తల పక్కకి వంచాడు. "మీరు చెప్పేది చాలా ఆసక్తిగా ఉందండీ."

ఈ దేశంలో ఆ మాటకి 'ఇక దయచేయండి' అని అర్థం. మేవిస్ దయచేయలేదు. "మా ఆయన కూర్చునేవాడయ్యా అందులో" అంది.

"కాదని నేననను. కాని దాని మీద ముళ్ళకాయ ఉంది కదండీ."

"అయితే?"

"పాత వస్తువు కాకపోతే ముళ్ళకాయ ఎందుకు పెడతారు చెప్పండి?"

ఎద్దు ఈనిందంటే దూడని గాటన కట్టెయ్యమన్నాడట వెనకటికొకడు. మన జైల్స్ కట్టెయ్యడమే కాదు, దానికి నంబరు కూడా వేశాడు. ఒకసారి నంబరు పడ్డ వస్తువు గుమ్మం దాటాలంటే, అది వస్తువు కాదని రుజువు కావాలి. దానికొక ఫారం ఉంది. పద్నాలుగు పేజీలు.

ముళ్ళకాయ ఎవరు పెట్టారో ఆ రోజే తేలింది. టీ గదిలో బెర్నార్డ్ ఆడీ నిమ్మకాయ కేకు ముందు పెట్టుకుని దోషిలా కూర్చుని ఉన్నాడు. అతనికి డెబ్భై తొమ్మిదేళ్ళు. బళ్ళో భూగోళం చెప్పేవాడు. ఇప్పుడు పక్కనున్న గ్రంథాలయం గదికి కాపలా.

"మేవిస్, కేకు నీకోసమే చేశా."

"ఎందుకట?"

"అక్టోబరులో ఆఖరి రోజు నువ్వు ముందే ఇంటికెళ్ళావు గుర్తుందా? మూసేదాకా నీ గది చూస్తానన్నా. కుర్చీ ఖాళీగా ఉంది. దాని మీద కాయ లేదు. ఇరవై ఏళ్ళ అలవాటు, చెయ్యి ఊరుకోలేదు. జేబులో ఒకటుంటే తీసి పెట్టేశా."

"జేబులో ముళ్ళకాయ పెట్టుకుని తిరుగుతావా?"

"రెండు పెట్టుకుంటా. అవసరం పడుతుందని."

"సరే, పెట్టినవాడివి నువ్వే. ఇప్పుడే వెళ్ళి తీసెయ్."

బెర్నార్డ్ మొహం తెల్లబోయింది. "పెట్టొచ్చు గాని తియ్యకూడదు మేవిస్. తియ్యాలంటే నిపుణులు రావాలి. నియమం అది."

"నీ మొహం మండ, బెర్నార్డ్" అని కేకు రెండు ముక్కలు తినేసింది మేవిస్. కోపం కోపమే, కేకు కేకే.

ఏప్రిల్‌లో నిపుణురాలు రానే వచ్చింది. డాక్టర్ ఫిలిప్పా స్ట్రౌడ్, పాత చెక్క సామాన్ల మీద పెద్ద పుస్తకం రాసిన మనిషి. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం. మోకాళ్ళ మీద కూర్చుని భూతద్దంతో కుర్చీని గంటసేపు చూసింది. మేవిస్ పక్కనే నిలబడి ఉంది. కూర్చోవడానికి ఇంకేం లేదు మరి.

"ఈ చేతి మీద కాలిన మచ్చ చూశారా? అంతర్యుద్ధం నాటి మంటలు."

"ఇస్త్రీ పెట్టె అమ్మా అది. ఫోను మోగితే దాని మీద పెట్టి వెళ్ళా."

"అడుగున పచ్చరంగు ఛాయ. ఆ కాలంలో చాలా అరుదైన రంగు."

"మా స్నానాల గదికి వేసిన రంగే. కొంచెం మిగిలింది."

ఫిలిప్పా నవ్వి, మేవిస్ చెప్పినవన్నీ పుస్తకంలో రాసుకుంది. పైన శీర్షిక 'స్థానిక గాథలు' అని పెట్టింది.

ఇక ఇలా కాదని మేవిస్ మరుసటి ఆదివారం ఫోటో పట్టుకొచ్చింది. 1983 క్రిస్మస్ నాటిది. వంటింట్లో అదే కుర్చీలో నార్మన్, నెత్తిన రంగుకాగితం కిరీటం, నోరు తెరుచుకుని నిద్ర. చేతిలో కప్పు. కాలిన మచ్చ స్పష్టంగా కనిపిస్తోంది. దీన్ని మించిన రుజువేం కావాలి? జైల్సూ ఫిలిప్పా ఆ ఫోటోని చెరో చివర పట్టుకుని చూశారు. ఇద్దరి కళ్ళూ చెమర్చాయి. మేవిస్ లోపల హమ్మయ్య అనుకుంది.

"అంటే ఈ కుర్చీ 1983లో హాలు బయట ఉందన్నమాట!" అన్నాడు జైల్స్.

"ఉందనేగా మొత్తుకుంటున్నా."

"హాలు సామాన్లు ఒకప్పుడు వేలం వేశారండీ. అప్పుడే బయటికి పోయి ఉంటుంది" అంది ఫిలిప్పా. "ఎక్కడెక్కడో తిరిగి, చివరికి మీ చేతుల మీదుగా సొంతింటికి చేరింది. మేవిస్ గారూ, దీన్ని మీరు తిరిగి అప్పగించారు!"

వారం తిరిగేసరికి మేవిస్ ఇంటికి గట్టి అట్ట మీద అచ్చువేసిన కృతజ్ఞతాపత్రం వచ్చింది. కుర్చీని దాని అసలు ఇంటికి చేర్చిన ఉదారతకి హాలు పక్షాన ధన్యవాదాలు. కింద జైల్స్ సంతకం. దానితో పాటు చిన్న కాగితం: రాబోయే గురువారం ఫిలిప్పా గారు సందర్శకుల ముందు కుర్చీ గురించి ప్రసంగిస్తారు. శుక్రవారం దాన్ని అద్దాల పెట్టెలో పెట్టి సీలు వేస్తారు.

మేవిస్ ఆ కాగితం చదివి వంటింట్లో బల్ల ముందు కూర్చుండిపోయింది. బల్లకి అవతల కుర్చీ ఉండాల్సిన చోట గచ్చు మాత్రమే ఉంది. నార్మన్ పోయినప్పుడు ఏడవలేదు. ఇప్పుడు ఏడిచింది. అద్దం వెనక పెడితే ఇక అతని కుర్చీని చేత్తో తాకడానికి కూడా ఉండదు.

గురువారం పాతికమంది సందర్శకులొచ్చారు. తడిసిన కోట్లతో, కుర్చీకి అడ్డంగా కట్టిన తాడుకి ఇవతల బుద్ధిగా నిలబడ్డారు. గుమ్మంలో బెర్నార్డ్. కిటికీ పక్కన మేవిస్, రెండు మోకాళ్ళూ పుండ్లలా సలుపుతున్నాయి. ఫిలిప్పా చేతిలో చిన్న కర్ర పట్టుకుని మంటల గురించి చెప్పింది, పచ్చరంగు గురించి చెప్పింది. చివరికి కర్రని కిందికి దించి, కుర్చీ ముందుకాళ్ళ మధ్య అడ్డకర్ర చూపించింది.

"ఇక్కడ ఈ గుంట చూడండి. మూడు వందల ఏళ్ళ పాటు, తరాల తరబడి, పేరూ ఊరూ తెలియని సేవకుల మడమలు అరగదీసిన గుర్తు ఇది."

"ముప్ఫై ఒక్క ఏళ్ళు" అంది మేవిస్.

గదిలో అందరూ అటు తిరిగారు.

"ముప్ఫై ఒక్క ఏళ్ళు. ఒక్కడి మడమలు. పేరు నార్మన్ హెబ్డెన్. ఊరు ఇదే."

అని, తాడు ఎత్తి లోపలికి వెళ్ళి, ముళ్ళకాయని రెండు వేళ్ళతో తీసి రాజుగారి మంచం మీద పెట్టి, కుర్చీలో కూర్చుంది.

పాతికమందీ ఒకేసారి ఊపిరి బిగబట్టారు. కొందరికి కళ్ళు తిరిగాయి. ముళ్ళకాయ తీసిన మనిషిని వాళ్ళు జన్మలో చూడలేదు. ఫిలిప్పా చేతిలో కర్ర జారింది. జైల్స్ నోరు తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు. లేవమని చెప్పాలి. కాని కూర్చున్న డెబ్భై ఆరేళ్ళ ఆవిడని లే అని ఎలా అంటాడు? అలాంటి పరిస్థితికి వాడవలసిన వస్తువు ముళ్ళకాయ ఒక్కటే. అది మంచం మీద ఉంది.

"మేవిస్ గారూ, టీ ఏమైనా తాగుతారా?" అన్నాడు చివరికి.

"తాగుతా నాయనా. పాలు ఎక్కువ, చక్కెర వద్దు."

అక్కడ రెండో చిక్కు వచ్చిపడింది. రాజుగారి పడకగదిలోకి టీ తీసుకురాకూడదు. కూర్చున్న పెద్దావిడని టీ లేకుండా ఉంచనూ కూడదు. రెండు ధర్మాల మధ్య జైల్స్ కప్పూ సాసరూ పట్టుకుని గుమ్మంలో నలిగిపోయాడు. ఈలోగా పక్క గదుల్లోని సందర్శకులు వచ్చి, అక్కడ మనుషులున్నారు కదా అని వాళ్ళ వెనక వరసలో నిలబడ్డారు. వరస మెట్లు దిగి తోటలోకి పోయింది.

"ఇది దేనికండీ?" అని ఒకాయన ముందున్నావిణ్ణి అడిగాడు.

"తెలీదండీ. ఇంత పొడుగుందంటే ఏదో మంచిదే అయ్యుంటుంది."

వచ్చినవాళ్ళకి మేవిస్ నార్మన్ గురించి చెప్పింది. మంచు పడ్డ ఏడాది బండి కదలకపోతే సీసాలు సంచుల్లో వేసుకుని నడిచి పోశాడని చెప్పింది. ఏ ఇంట్లో ఎవరు ఊళ్ళో లేరో అతనికి పాలసీసాల లెక్కతో తెలిసేదని, కాని ఎవరికీ చెప్పేవాడు కాదని చెప్పింది. టీ కప్పుతో నిద్రపోయేవాడని చెప్పి, అచ్చం అలాగే చేసి చూపించింది. ఎవరూ మరుగుదొడ్డి ఎక్కడని అడగలేదు.

అయిదయింది. హాలు మూసే వేళ. గదిలో మనిషి ఉంటే దొంగల గంట పెట్టడానికి వీల్లేదు. ఆరయింది. గుమ్మంలో చల్లారిన ఆరో కప్పు టీతో జైల్స్ మొహంలో కత్తివేటుకి నెత్తురుచుక్క లేదు.

"జాబితాలోంచి తియ్యడం నా తరం కాదండీ. దేవుడి తరం కూడా కాదు" అన్నాడు దాదాపు ఏడుస్తూ.

"తియ్యద్దు" అన్నాడు గుమ్మం దగ్గరి నుంచి బెర్నార్డ్. జీవితంలో మొదటిసారి పెద్ద గొంతుతో మాట్లాడాడు కాబోలు, తన గొంతుకి తనే ఉలిక్కిపడ్డాడు. "కుర్చీ హాలు దాటి వెళ్ళకూడదు, అంతేగా? హాలునే కొంచెం జరపండి. మేవిస్ వంటిల్లు కూడా హాల్లో గదే అని రాసుకోండి. నలభై మూడోది."

జైల్స్ ఫిలిప్పా వైపు చూశాడు. ఫిలిప్పా పైకప్పు వైపు చూసింది. దానిక్కూడా ఒక ఫారం ఉంది. రెండే పేజీలు.

అలా మే నెలలో నార్మన్ కుర్చీ, చేతికి తొడుగులు వేసుకున్న నలుగురి మధ్య, వ్యానులో ఇంటికొచ్చింది. వంటింటి తలుపు మీద '43' అని ఇత్తడి బిళ్ళ బిగించారు. గోడకి గాలిలో తేమ కొలిచే పెట్టె ఒకటి తగిలించారు. కెటిల్‌లో నీళ్ళు మరిగినప్పుడల్లా అది కీచుమంటుంది. మేవిస్ దాని మీద తువ్వాలు కప్పింది. షరతులు రెండు: కుర్చీ ఊరికే ఉన్నప్పుడు దాని మీద ముళ్ళకాయ ఉండాలి. నెలలో రెండో ఆదివారం రెండింటి నుంచి నాలుగింటి దాకా ప్రజలకి గది చూపించాలి, కాపలాకి హాలు వాలంటీరు ఒకరుండాలి. ఆ పనికి బెర్నార్డ్ పేరిచ్చాడు. ఇంకెవరూ ఇవ్వలేదు కూడా.

జనం వచ్చారు. నమ్మినా నమ్మకపోయినా మొదటి ఆదివారం పదకొండుమంది, బల్లకీ ఫ్రిజ్‌కీ మధ్య వరసలో నిలబడి చూశారు.

"ఇక్కడ రాజెవరైనా పడుకున్నాడా?" అని ఒకావిడ అడిగింది.

"రాజు లేడమ్మా. మా ఆయన రోజూ పడుకునేవాడు" అంది మేవిస్.

"మరుగుదొడ్డి ఎక్కడండీ?" అని ఇంకొకాయన అడిగాడు. మేడ మీద, ఎడమపక్క.

మిగతా రోజుల్లో మేవిస్ ముళ్ళకాయని కిటికీలో పెట్టి, కుర్చీకి ఎదురుగా కూర్చుని అన్నం తినేది. భయపడ్డంత కష్టంగా లేదు. అలాగని బాగుందనీ కాదు. ఖాళీ కుర్చీ ఖాళీ కుర్చీయే. నంబరున్నా అంతే, లేకపోయినా అంతే.

అక్టోబరు ఆదివారం జోరువాన. ఒక్కరూ రాలేదు. బెర్నార్డ్ మాత్రం రెండింటికి ఠంచనుగా వచ్చి, మెడలో బిళ్ళ వేసుకుని, సింకు పక్కన నిలబడ్డాడు. తుంటి నొప్పితో కాలు మార్చి కాలు మారుస్తున్నాడు. మేవిస్ బంగాళాదుంపలూ మాంసమూ వేసిన కుండ పొయ్యి మీంచి దించి, రెండు పళ్ళేలు తీసింది.

"తింటావా?"

"విధుల్లో ఉన్నా మేవిస్. నాలుగింటి దాకా."

"ఎవరొస్తారు ఈ వానలో? ఇంటి దగ్గర ఎప్పుడు తింటావు?"

"వేళా పాళా ఏముంది. ఏదో ఒకటి వేడి చేసుకుంటా." ఆగి, కిటికీలోంచి వాన చూశాడు. "మా ఆవిడ పోయి తొమ్మిదేళ్ళయింది కదా. సింకు దగ్గరే తినేస్తా. నిలబడి."

మేవిస్ గరిటె కుండలో వదిలేసింది. తర్వాత బల్ల చుట్టూ వెళ్ళి, కుర్చీ మీది ముళ్ళకాయ తీసి తన ఏప్రన్ జేబులో వేసుకుంది.

"కూర్చో."

"అయ్యో, కూడదు. అది పదకొండు వందల ఎనభై..."

"పెట్టినవాడివి నువ్వు, తీసినదాన్ని నేను. కూర్చో బెర్నార్డ్, చల్లారిపోతోంది."

బెర్నార్డ్ మెడలో బిళ్ళ తీసి బల్ల మీద పెట్టాడు. కుర్చీ చేతులు రెండూ పట్టుకుని, వేడినీళ్ళలోకి దిగేవాడిలా మెల్లగా కూర్చున్నాడు. కుర్చీ కిర్రుమంది. నార్మన్ కూర్చున్నప్పుడూ అలాగే కిర్రుమనేది. మేవిస్ పళ్ళెంలో దుంపలు వడ్డించి, ఎదురుగా కూర్చుంది. ఇద్దరూ తిన్నారు. కొంతసేపటికి బెర్నార్డ్ ఒళ్ళు సడలించి, కాళ్ళు వెనక్కి జరిపి, మడమలు అడ్డకర్ర మీద పెట్టబోయాడు.

"ఆ గుంటలో పెట్టకు" అంది మేవిస్. "అది నార్మన్‌ది. పక్కన చోటుంది, అక్కడ పెట్టుకో."